బెట్టకు చిక్కిన జొన్న, మొక్కజొన్న: ఏ దశలో ఏం చూడాలి, ఏం చేయాలి

2023 వానాకాలం తెలంగాణ రైతులకు బాగా గుర్తుండే ఉంటుంది. జూలై చివరి వారంలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులోనే 650 మి.మీ.కు దగ్గరగా వర్షం కురిసి వాగులు ఊళ్ల మీద పడ్డాయి. ఆ వెనుకే వచ్చిన ఆగస్టు, దేశం మొత్తం మీద చూస్తే 1901 నుంచి ఉన్న లెక్కల్లో అతి తక్కువ వర్షం కురిసిన ఆగస్టు అయింది. జూన్ చివరలో విత్తిన మొక్కజొన్న సరిగ్గా ఆగస్టు మధ్యకే పూతకు వస్తుంది. అటువంటి ఏడాది మొత్తం వర్షపాతం లెక్కలో లోటు కనబడకపోయినా, పూత వేళకు చల్కా (ఇసుక పాలు ఎక్కువగా ఉన్న ఎర్ర) నేలలో పదును, అంటే తేమ, లేకపోతే కంకిలో గింజ పట్టదు. అందుచేత బెట్ట (వాన లేక పైరుకు వచ్చే నీటి ఎద్దడి) నష్టాన్ని ఎన్ని రోజులు వాన లేదన్న లెక్కతో మాత్రమే కొలవకూడదు; ఆ రోజులు పంట ఏ దశ మీద పడ్డాయన్నది అంతకంటే ముఖ్యం. వర్షాధారంగా జొన్న, మొక్కజొన్న వేసిన రైతులు, వారికి సలహా చెప్పే యువకులు పొలంలో నిలబడి నిర్ణయం తీసుకోవడానికి పనికివచ్చే క్రమాన్ని ఇక్కడ వివరిస్తున్నాను. సజ్జ, కొర్ర, వరి గురించి అవసరమైన చోట మాత్రమే చెబుతాను.

ముందుగా మీ నేల ఎన్ని రోజులు ఆదుకోగలదో లెక్క వేసుకోండి

వాన ఆగిన రోజు నుంచి పంట బతికేది నేల దాచుకున్న నీటి మీదే కాబట్టి, బెట్ట రాకముందే ఈ లెక్క మీ దగ్గర ఉండాలి. ఇసుక పాలు ఎక్కువగా ఉన్న ఎర్ర చల్కా నేల మీటరు లోతుకు సుమారు 100 మి.మీ. నీటిని మొక్కకు అందించగలదు. అయితే మన చల్కాల్లో చాలా వాటికి మీటరు లోతు ఉండదు, ఒకటిన్నర అడుగులు తవ్వగానే మొరం తగులుతుంది. అంటే నిజంగా అందుబాటులో ఉండేది 45 మి.మీ. మాత్రమే. అందులో సగం ఖర్చయ్యేదాకా మొక్క ఇబ్బంది పడదు, ఆ తర్వాత మిగిలిన నీటిని లాక్కోవడం కష్టమవుతూ వస్తుంది. బాగా ఎదిగిన పైరు వానాకాలపు ఎండలో రోజుకు 5 మి.మీ. చొప్పున వాడుకుంటుందనుకుంటే, చల్కాలో నాలుగైదు రోజులకే బెట్ట మొదలై, తొమ్మిది పది రోజులకు నిల్వ అయిపోతుంది. మీటరు లోతున్న నల్లరేగడి 180 మి.మీ. వరకు దాచుకోగలదు కాబట్టి అదే పైరు అక్కడ రెండున్నర వారాల దాకా తట్టుకుంటుంది. ఇవి ఉజ్జాయింపు అంకెలే అయినా, పక్కపక్క పొలాల్లో ఒకే రోజు విత్తిన ఒకే విత్తనం ఎందుకు వేర్వేరుగా కనబడుతుందో అర్థం కావడానికి ఇవి చాలు.

అంకెల కంటే చేతికి తెలిసేదే నమ్మదగినది. వాన ఆగిన నాలుగో రోజు నుంచి రెండు మూడు రోజులకొకసారి గునపంతో మొక్కల సాలు పక్కన, గట్టు నీడ పడని చోట, జానెడు లోతున ఒకసారి, అడుగున్నర లోతున మరొకసారి మట్టి తీయండి. ఎర్రమట్టిని పిడికిట్లో నొక్కి ఉండ చేసి, అరచేతిలో రెండు మూడు సార్లు ఎగరవేసి పట్టుకోండి. ఉండ చెదరకుండా నిలిస్తే ఆ పొరలో ఇంకా పదును ఉన్నట్టే. నొక్కినప్పుడు ఉండ అయి, ఎగరవేయగానే విరిగితే సగానికి పైగా ఖర్చయింది. అసలు ఉండే కట్టకుండా వేళ్ల సందుల్లోంచి జారిపోతే ఆ పొర నుంచి మొక్కకు వచ్చేది ఏమీ లేదు. నల్లమట్టికి ఇదే పరీక్ష వేరుగా చేయాలి: బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి బయటికి నెడితే పట్టీలాగా సాగాలి, సాగకుండా పెళుసుగా ముక్కలైతే పదును పోయినట్టు. పై పొర ఎండి అడుగు పొర తడిగా ఉంటే కంగారు పడనవసరం లేదు, ఎందుకంటే నీరు కొద్దిగా తగ్గినప్పుడు వేరు లోతుకు పోవడం పంటకు మేలే చేస్తుంది. రెండు పొరలూ ఎండితే మాత్రం నిర్ణయం తీసుకునే సమయం వచ్చినట్టే.

పంట వయసును రోజుల్లో రాసి పెట్టుకోండి

విత్తిన తేదీ కాకుండా, తేమ అంది మొలక వచ్చిన తేదీని గోడ క్యాలెండరు మీద గుర్తు పెట్టుకోండి. వానాకాలపు మొక్కజొన్నలో మధ్యకాలిక హైబ్రిడ్లకు 50 నుంచి 55 రోజులకు మగపూత, అంటే జల్లు, బయటికి వస్తుంది. దానికి పదిహేను రోజుల ముందు నుంచి పూత తర్వాత పదిహేను రోజుల వరకు ఉన్న నెల రోజులే ఈ పంటకు అసలు గండం. జొన్నలో 30 నుంచి 35 రోజుల మధ్య మొక్క లోపల కంకి రూపుదిద్దుకోవడం మొదలవుతుంది, రకాన్ని బట్టి 65 నుంచి 70 రోజులకు పూత వస్తుంది. వరిలో చిరుపొట్ట దశ (కాడ లోపల కంకి ఏర్పడే దశ) నుంచి పూత వరకు ఉన్న కాలం అంతే సున్నితమైనది. ఆ సమయంలో మడి నెర్రెలు విచ్చితే కంకి పొట్టాకులోనే ఇరుక్కుపోయి, బయటికి వచ్చినంత మేర తాలు గింజలే కనబడతాయి. ఈ తేదీలను ముందే రాసుకున్నవారు వాతావరణ శాఖ ఇచ్చే అయిదు రోజుల సూచనను తమ పొలానికి అన్వయించుకోగలరు. తేదీ తెలియని వారికి ఆ సూచన వార్తగా మిగిలిపోతుంది.

మొక్క చెప్పేది ఏ వేళ వినాలి

మొక్క వాడిపోయి కనబడకముందే దాని ఎదుగుదల ఆగిపోతుంది. కణాలు సాగి పెద్దవి కావాలంటే లోపల నీటి ఒత్తిడి ఉండాలి, నేలలో తేమ తగ్గగానే మొదట తగ్గేది ఆ ఒత్తిడే. ఆ తర్వాత ఎండుతున్న వేర్లలో తయారైన అబ్సిసిక్ ఆమ్లం నీటితో పాటు ఆకులకు చేరి, అక్కడి పత్ర రంధ్రాలను మూయిస్తుంది. రంధ్రాలు మూసుకుంటే నీరు ఆదా అవుతుంది గానీ, గాలిలోంచి బొగ్గుపులుసు వాయువు లోపలికి రావడం కూడా తగ్గి ఆహారం తయారీ కుంటుపడుతుంది, నీరు ఆవిరై ఆకును చల్లబరచడం ఆగిపోవడంతో ఆకు వేడెక్కుతుంది. అందుకే మీరు చేయదగిన తొలి పరీక్ష చాలా సులువైనది: పొలంలో నాలుగైదు చోట్ల మొక్కల పక్కన పుల్ల పాతి, సుడిలో (మొక్క నడినెత్తిన ఆకులు చుట్టుకుని ఉన్న చోట) ఉన్న లేత ఆకు కొస ఎంత ఎత్తున ఉందో దాని మీద గీత పెట్టండి. మంచి పదునులో మొక్కజొన్న ఆకు రెండు రోజుల్లో స్పష్టంగా పైకి వస్తుంది. గీత దగ్గరే ఆగిపోతే, ఆకు ఎంత పచ్చగా కనబడినా బెట్ట మొదలైందని అర్థం.

ఆ తర్వాతి గుర్తు ఆకులు చుట్టుకోవడం. మొక్కజొన్న ఆకులు ఉల్లికాడల్లా నిలువుగా చుట్టుకుని, రంగు బూడిద కలిసిన పచ్చగా మారుతుంది. దీన్ని మిట్టమధ్యాహ్నం చూసి బెంబేలు పడకూడదు, ఎందుకంటే నేలలో తేమ ఉన్నా ఎండ తీవ్రతకు వేరు అందించలేనంత నీరు ఆకు అడిగినప్పుడు పంట ఇలా తనను తాను కాపాడుకుంటుంది. పొద్దు వాలేసరికి ఆకులు విచ్చుకుంటే అది తాత్కాలికం. తెల్లవారిన తర్వాత ఏడు, ఎనిమిది గంటలకు కూడా ఆకులు చుట్టుకునే ఉంటే రాత్రంతా తాగినా మొక్క దాహం తీరలేదన్న మాట, అది తీవ్రమైన బెట్ట. కాబట్టి పొలం చూడాల్సింది ఉదయం పూట. మధ్యాహ్నం తీసిన ఫోటోను చూసి ఇచ్చిన సలహా మీద నాకు నమ్మకం లేదు.

పసుపుదనం కనబడగానే యూరియా చల్లే అలవాటు మనలో చాలామందికి ఉంది. నత్రజని లోపమైతే అడుగు ఆకుల కొస నుంచి నడిమి ఈనె వెంబడి లోపలికి పసుపు పాకుతుంది, పొటాష్ లోపమైతే అడుగు ఆకుల అంచులు మాడతాయి, జింకు లోపమైతే లేత ఆకుల మీద తెల్లటి చారలు వస్తాయి. బెట్ట అలా కాకుండా మొరం పైకి తేలిన చోట, గట్టు వాలులో, చెట్ల నీడ అంచున తునకలు తునకలుగా మొదలవుతుంది. ఒక చిక్కు మాత్రం ఉంది: పోషకాలు వేరుకు చేరాలంటే నీటిలో కరిగి కదలాలి కాబట్టి, ఎండిన నేలలో ఎరువు ఉన్నా మొక్కకు లోపం లక్షణాలు రావచ్చు. అటువంటప్పుడు పొడి నేల మీద చల్లిన యూరియా మొక్కకు అందకపోగా, కొంత అమ్మోనియాగా గాలిలో కలిసిపోతుంది. నేల తడవనిదే పైపాటు ఎరువు వేయకండి.

నెల రోజుల లోపు పైరులో

ఈ వయసులో వచ్చిన బెట్టను జొన్న, సజ్జ బాగానే ఓర్చుకుంటాయి. జొన్న ఎదుగుదల ఆపుకొని, ఆకుల మీది మైనపు పూతతో నీటిని కాపాడుకుంటూ వానకు ఎదురుచూస్తుంది, వాన పడగానే మళ్లీ కదులుతుంది. సజ్జలో అసలు కాడ దెబ్బతిన్నా పిలకలు వేర్వేరు రోజుల్లో పూతకు వస్తాయి కాబట్టి కొన్నయినా వాన వేళకు అందుకుంటాయి. మొక్కజొన్నకు ఆ వెసులుబాటు లేదు, మొక్కకు సాధారణంగా ఒక్కటే కంకి, ఒక్కటే అవకాశం.

చేయాల్సిన మొదటి పని దంతె లేదా గుంటక, అంటే సాళ్ల మధ్య మట్టిని కదిపి కలుపు తీసే పనిముట్టు, తోలడం. రెండు అంగుళాలకు మించకుండా పైపైన తోలితే, పై మట్టి పొడిగా విడి కింది తేమ పైకి ఎక్కి ఆరిపోయే దారులు తెగుతాయి, నల్లరేగడిలో సన్నని పగుళ్లు పూడుకుపోతాయి, అన్నింటికంటే ముఖ్యంగా కలుపు పోతుంది. మీ పంటతో సమానంగా నీరు తాగుతున్న కలుపును పొలంలో ఉంచి తడి కోసం వెతకడంలో అర్థం లేదు. లోతుగా తోలితే మాత్రం వేర్లు తెగి మేలు కంటే కీడు ఎక్కువవుతుంది. పీకిన కలుపును గింజ పట్టకముందైతే సాళ్ల మధ్యే పరచవచ్చు.

బెట్ట ఇంకా సాగితే ఒత్తుగా ఉన్న చోట బలహీనమైన మొక్కలను తీసేయండి. జొన్న, సజ్జల్లో పరిస్థితి మరీ విషమిస్తే ప్రతి మూడో సాలును పూర్తిగా తొలగించి మిగిలిన రెండింటికీ ఆ నీటిని వదలడం మెట్ట సేద్యంలో పాత పద్ధతే, చేయి రాకపోయినా చేయాల్సిన పని. ఈ దశలో కత్తెర పురుగు మీద కూడా కన్ను వేయాలి. 2018లో కర్ణాటకలో మొదటిసారి కనబడి ఆ తర్వాత మన మొక్కజొన్నలన్నింటికీ పాకిన ఈ పురుగు సుడిలో కూర్చుని తింటుంది. జడివానలకు సుడిలో నీరు నిలిచి చిన్న పురుగులు చనిపోతాయి, పొడి వాతావరణంలో ఆ అడ్డు ఉండదు. ఎదుగుదల ఆగిన మొక్క తిన్న ఆకుకు బదులు కొత్త ఆకు వేయలేదు కాబట్టి అదే పురుగు బెట్టలో ఎక్కువ నష్టం చేస్తుంది.

ఇక ఆకులపై పిచికారీ గురించి. లీటరు నీటికి 20 గ్రాముల యూరియా గానీ, 10 గ్రాముల పొటాషియం నైట్రేట్ (13-0-45) గానీ కలిపి చల్లమని సాధారణంగా సిఫారసు చేస్తారు, అది సరైనదే. అయితే దాని పరిమితి తెలుసుకోండి: ఎకరాకు 200 లీటర్ల ద్రావణం కొడితే అందులో ఉన్నది నాలుగు కిలోల యూరియా మాత్రమే. అది మొక్కను కొన్ని రోజులు నిలబెట్టగలదు, నీటికి బదులు కాలేదు. ఆకులు విచ్చుకుని ఉన్న వేళ, అంటే సాయంత్రం చల్లాలి. చుట్టుకున్న ఆకు మీద పడిన మందు చాలావరకు నేలపాలు. దుకాణాల్లో బెట్టను తట్టుకునే శక్తి ఇస్తాయంటూ అమ్మే టానిక్కుల మీద పెట్టే డబ్బును ఒక తడికి డీజిల్ ఖర్చుగా వాడుకోవడం మేలని నా అభిప్రాయం.

పూత దశ: అసలు లెక్క ఇక్కడే

మొక్కజొన్నను ఈ దశలో దగ్గరగా చూడడం నేర్చుకోవాలి. కండె మీద ఉన్న ప్రతి గింజ స్థానం నుంచి ఒక్కొక్క పీచు బయలుదేరి, పొరల మధ్య నుంచి పాకి కొసన బయటికి వస్తుంది. అది తన పొడవంతా నీటి ఒత్తిడితోనే సాగాలి కాబట్టి మొక్కలో నీటి కొరతకు మొదట లొంగేది పీచే. జల్లు మాత్రం బెట్టలో కూడా దాదాపు తన వేళకే వచ్చి, అయిదు నుంచి ఎనిమిది రోజుల పాటు ఉదయం పూట పుప్పొడి రాల్చి ఊరుకుంటుంది. మంచి పదునులో జల్లు పుప్పొడి మొదలుపెట్టిన రెండు మూడు రోజుల లోపే పీచు కనబడుతుంది. ఈ తేడా వారం దాటితే పీచు వచ్చేసరికి పుప్పొడి ఉండదు. కండె అడుగు భాగం పీచులు ముందు, కొస పీచులు చివర వస్తాయి గనుక కొస వైపు ముందుగా బోడిపోతుంది. పదును లేని వేళ ఉష్ణోగ్రత 38 డిగ్రీలు దాటితే పుప్పొడి కూడా త్వరగా చచ్చిపోతుంది.

కాబట్టి జల్లు కనబడిన రోజు నుంచి పొలంలో నాలుగు మూలలా, మధ్యలో కలిపి కొన్ని మొక్కలకు దారం కట్టి, జల్లు పుప్పొడి రాల్చిన తేదీని, పీచు వచ్చిన తేదీని రాయండి. తేడా పెరుగుతున్నట్టు కనబడితే మీ దగ్గర ఉన్న నీటినంతా ఇప్పుడే వాడాలి. పది రోజుల తర్వాత వాడతామని దాచిపెట్టిన నీటికి అప్పుడు అంత విలువ ఉండదు.

ఎంత నీరు కావాలి? ఎకరం మీద ఒక అంగుళం లోతు నీరు అంటే లక్ష లీటర్లకు కాస్త పైన. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల లోతు ఉన్న నీటి కుంట నిలువు గోడలతో ఉంటేనే రెండున్నర లక్షల లీటర్లు పడుతుంది. గట్లు వాలుగా ఉంటాయి కాబట్టి అంతకంటే బాగా తక్కువే ఉంటుంది, ఆవిరికి, ఇంకుడుకు కొంత పోతుంది. అంటే అటువంటి కుంట నిండా ఉంటే ఒక ఎకరానికి ఒక మంచి తడి, లేదా రెండెకరాలకు పలుచటి తడి ఇవ్వగలదు. అయిదెకరాల పొలమంతా తడపాలని చూస్తే ఏ మొక్కకూ వేరు లోతుకు నీరు చేరదు. మంచి నేల, మొక్కల సంఖ్య బాగున్న భాగాన్ని ఎంచుకుని దానికే పూర్తి తడి ఇవ్వండి. సాళ్లలో పారించేవారు సాలు విడిచి సాలుకు పెడితే తక్కువ నీటితో ఎక్కువ విస్తీర్ణం తడుస్తుంది, ఒక పక్క వేర్లకు తేమ అందితే మొక్క నిలుస్తుంది. స్ప్రింక్లర్లు వాడేవారు పుప్పొడి రాలే ఉదయపు వేళను వదిలి సాయంత్రం తిప్పాలి.

పూత ముగిసిన తర్వాత గింజ పట్టిందో లేదో తెలుసుకోవడానికి కండె ముదిరేదాకా ఆగనవసరం లేదు. పీచు పూర్తిగా వచ్చిన నాలుగైదు రోజులకు కొన్ని కండెలను తెంపి, చాకుతో పొరలను నిలువుగా కోసి, పీచులు తెగకుండా జాగ్రత్తగా విప్పండి. కండెను అడుగు వైపు పట్టుకుని మెల్లగా దులపండి. ఫలదీకరణ జరిగిన స్థానం నుంచి పీచు దానంతటదే ఊడి రాలుతుంది, జరగని చోట అంటుకునే ఉంటుంది. పది కండెలు చూస్తే మీ పొలం సంగతి చాలావరకు తెలిసిపోతుంది. సగానికి పైగా పీచులు అంటుకుని ఉంటే ఆ తర్వాత ఎంత వాన పడినా ఆ గింజలు రావు. అటువంటి పైరును ఆకులు పచ్చగా ఉండగానే పశుగ్రాసంగా అమ్మడమో, పాతర వేయడమో (గాలి చొరకుండా గుంతలో నిల్వ చేయడమో) లాభం. గింజ పట్టినా మొదటి రెండు వారాలు గండం దాటలేదు. మొక్క తగినంత చక్కెర అందించలేకపోతే కొస గింజలను వదిలేసుకుంటుంది.

జొన్న పూత బెట్టకు ఇంతగా బెదరదు గానీ, పొట్ట దశలో నీరు చాలకపోతే కంకి పొట్టాకులోంచి పూర్తిగా బయటికి రాదు, గింజల సంఖ్య పడిపోతుంది.

గింజ పాలు పోసుకునే దశలో

ఇక్కడ గింజల సంఖ్య ఖరారైపోయింది కాబట్టి పోయేది బరువు మాత్రమే. ఆకులు ఆహారం తయారుచేయలేనప్పుడు మొక్క కాండంలో దాచిన చక్కెరను గింజకు పంపుతుంది. దీనితో కాండం డొల్లబడి, మసి కుళ్ళు తెగులుకు దారి తెరుచుకుంటుంది. నల్లరేగడిలో నిల్వ పదును మీద పండే యాసంగి జొన్నలో ఈ తెగులు ఎక్కువ. వరుసగా పడిపోయిన మొక్కల కాండం చీల్చి చూస్తే లోపల బెండు పోయి నారపోగుల మీద మసి పూసినట్టు సన్నని నల్లచుక్కలు కనబడతాయి. అప్పుడు మందు కొట్టి ప్రయోజనం లేదు. గింజ గట్టిపడి ఉంటే వెంటనే కోయండి. చివరిదాకా ఆకు పచ్చగా నిలిచే రకాలను ఎంచుకోవడం, మొక్కలను ఒత్తుగా పెట్టకపోవడం, నత్రజనిని అతిగా వేయకపోవడం ముందుజాగ్రత్తలు.

వాన తిరిగి వచ్చాక

చాలాకాలం తర్వాత పడిన వానకు సంబరపడి అదే రోజు బస్తా విప్పకండి. నీరు ఇంకి, కాలు దిగబడకుండా ఉన్నప్పుడు ఎకరాకు 20 నుంచి 25 కిలోల యూరియా, 10 నుంచి 15 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్ సాలు పక్కన వేసి మట్టి కప్పండి. ఇది పూతకు ముందున్న పైరుకు వర్తిస్తుంది. గింజ గట్టిపడుతున్న పైరుకు ఆ ఖర్చు దండగ. వానతో పాటే మొలిచే కలుపును వారం లోపు తీసేయాలి.

నాము (పచ్చి జొన్న మేసిన పశువుకు తగిలే విషం): పశువులున్నవారు తప్పక చదవాల్సిన భాగం

బెట్టకు ఎదగని జొన్న పైరులోకి పశువులను తోలడం ప్రాణం మీదికి తెస్తుంది. లేత జొన్న ఆకుల్లో డురిన్ అనే పదార్థం ఉంటుంది, పశువు నమిలినప్పుడు అది విడిపోయి హైడ్రోసయనిక్ ఆమ్లం, అంటే సైనైడ్ విషం పుడుతుంది. మోకాలెత్తు పైరులోనూ, బెట్టకు గిడసబారిన పైరులోనూ, కోసిన మోళ్ల నుంచి వాన తర్వాత తిరిగి వచ్చిన పిలకల్లోనూ ఇది ఎక్కువ. పూతకు వచ్చిన తర్వాతే పచ్చి జొన్నను మేపండి. కోసి బాగా ఎండబెట్టిన చొప్పలో ఈ విషం చాలావరకు పోతుంది. సజ్జలో, మొక్కజొన్నలో ఈ భయం లేదు.

వాటిలో, జొన్నలో కూడా, మరొక ప్రమాదం ఉంది. నేల నుంచి పీల్చుకున్న నైట్రేటును మాంసకృత్తులుగా మార్చుకోలేని ఎండిన మొక్క దాన్ని కాండం అడుగు భాగంలో పోగేసుకుంటుంది. యూరియా వేసిన తర్వాత బెట్ట వచ్చిన పొలంలోనూ, బెట్ట తర్వాత వాన పడిన తొలి వారంలోనూ ఇది మరీ ఎక్కువ. ఎండబెట్టినా నైట్రేటు పోదు, పాతర వేస్తే కొంత తగ్గుతుంది. అందుచేత వాన పడ్డాక వారం రోజులు ఆగి, అడుగు నుంచి జానెడు కాడ వదిలి పై భాగాన్ని కోయండి, ఆకలిగొన్న పశువుకు ముందుగా ఎండు గడ్డి పెట్టి ఆ తర్వాతే కొద్ది కొద్దిగా ఇవ్వండి.

మేసిన కాసేపటికే పశువు రొప్పుతూ, తూలుతూ, నురగ కక్కుతూ పడిపోతే ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకుండా పశువైద్యుడిని పిలవండి. సంచార పశువైద్యశాలకు ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 1962 నంబరుకు ఫోన్ చేయవచ్చు. ఏం మేసింది, ఆ పైరు వయసెంత, యూరియా ఎప్పుడు వేశారు అన్న మూడు విషయాలు డాక్టరుకు తప్పక చెప్పాలి. సైనైడుకు ఇచ్చే సోడియం నైట్రైటు, నైట్రేటు విషం తగిలిన పశువుకు పొరపాటున ఇస్తే పరిస్థితి ఇంకా విషమిస్తుంది. నిగనిగలాడే ఎరుపు రక్తం సైనైడుకు, చాక్లెట్ రంగు రక్తం నైట్రేటుకు గుర్తు అయినా, అది తేల్చాల్సింది డాక్టరే.

వచ్చే పంటకు ముందు

విత్తే ముందు తేలిక నేలల్లో 50 నుంచి 60 మి.మీ., బరువు నేలల్లో 60 నుంచి 75 మి.మీ. వర్షం పడేదాకా ఆగండి. మృగశిర కార్తెలో పడిన మొదటి చినుకులకే గొర్రు కట్టినవారు విత్తనం రెండుసార్లు కొనాల్సి వస్తుంది. మీ క్యాలెండరులో పూత రోజులు ఎక్కడ పడతాయో ముందే చూసుకుని, లోతు తక్కువగా ఉన్న చల్కాలో దీర్ఘకాలిక మొక్కజొన్న హైబ్రిడ్లను మానుకోండి. అక్కడ జొన్న, సజ్జ, కొర్రల్లో ఒకదాన్ని కందితో కలిపి వేయడం నయం. జొన్న, సజ్జలకు రెండు సాళ్లకు ఒక కంది సాలు, కొర్రకు అయిదు సాళ్లకు ఒక కంది సాలు వేస్తారు. ఆగస్టు ధాన్యాన్ని దెబ్బకొట్టినా, వేరు లోతుగా దించుకునే కంది సెప్టెంబరు, అక్టోబరు వానలను అందుకోగలదు. నెలన్నర ఆలస్యమైనా వేయదగిన పంటల్లో స్వల్పకాలిక కొర్ర ముందుంటుంది, మరీ ఆలస్యమైతే ఉలవ.

బెట్టకు గురైన మొక్కజొన్నను నిల్వ చేసేవారు ఒక విషయంలో రాజీ పడకూడదు. చివరి దశలో నీటి కొరత, వేడి కలిసినప్పుడు గింజల మీద ఆస్పర్‌జిల్లస్ బూజు చేరి అఫ్లాటాక్సిన్ అనే విషం తయారవుతుంది, కడిగినా ఉడకబెట్టినా అది పూర్తిగా పోదు. గింజ అడుగున నల్లచార కనబడగానే కండెలు విరిచి, పచ్చగా లేదా పసుపుగా బూజు పట్టిన వాటిని, పురుగు తొలిచిన వాటిని కల్లంలోనే విడిగా తీసేయండి. మిగిలిన గింజను తేమ 12 శాతానికి దిగేదాకా టార్పాలిన్ల మీద ఆరబెట్టి, ఆ తర్వాతే బస్తాలకు ఎత్తండి. ఏరి పక్కన పెట్టిన కండెలను కోళ్లకు గానీ పాడిపశువులకు గానీ వేయకుండా తగలబెట్టండి.